వినేవాళ్ళ గోడు వినేదెవరు?

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసు అది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలని జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ఆదేశించారు. మంచిదే. మరి ఆ ఒక్కరి సంగతేంటి?

మాది అద్దంకి. మా పెద్దమ్మ కూతురు ఒక ప్రైవేటు కాలేజీలో కౌన్సెలర్. పేరుకే ఆ పోస్టు. అడ్మిషన్ల ఫోన్లు, పరీక్షల డ్యూటీలు అన్నీ అక్కవే. మిగిలిన టైములో పిల్లలు. “ఎదురుగా పిల్ల ఏడుస్తుంటే తలుపు కొట్టి మార్కుల లిస్టు అడుగుతార్రా. అది వెళ్ళాక, ఏం చెప్పింది అని పైవాళ్ళు అడుగుతారు. చెబితే ఆ పిల్ల మళ్ళీ నా గదికి రాదు. చెప్పకపోతే నాకు చీవాట్లు” అంటుంది.

ఇంకో బాధ ఉంది. తలనొప్పి అని వచ్చిన పిల్లాడిని కాసేపు మాట్లాడిస్తే అసలు విషయం మిర్చి రేటు, ఇంట్లో అప్పు, కట్టని ఫీజు. మా వైపు ఇది మామూలే. కౌన్సెలర్ రేటు పెంచలేదు, ఫీజు తగ్గించలేదు. వినగలదంతే. రోజూ వినీ వినీ ఏమవుతుంది?

అమెరికా మనస్తత్వవేత్త క్రిస్టినా మాస్లాక్ 1981లో బర్నవుట్‌ని కొలిచే ప్రశ్నావళి తెచ్చారు. అది మూడు విషయాలు చూస్తుంది: మనసు అలసిపోవడం, ఎదుటివాళ్ళ మీద పట్టనితనం, చేసిన పనివల్ల ఏమీ ఒరగలేదనిపించడం. నాకు భయం రెండోదంటేనే. “ఈమధ్య వింటున్నట్టే ఉంటుంది, ఏమీ గుర్తుండట్లేదు” అని అక్క అన్నప్పుడు ఏం చెప్పాలో తెలీలేదు.

మా సాఫ్ట్‌వేర్‌లో రాత్రి సర్వర్ పడిపోతే చూడ్డానికి వంతులుంటాయి. మనవల్ల కాకపోతే పైవాళ్ళని లేపొచ్చు. చావు మాట ఎత్తిన పిల్లని హాస్టల్‌కి పంపి ఇంటికొచ్చిన మనిషికి మాత్రం ఆ వంతూ లేదు, లేపడానికి పైవాళ్ళూ లేరు. కేసుల గురించి నెలకోసారైనా మాట్లాడటానికి ఒక సీనియర్ ఉండాలి. కోర్టు నిష్పత్తి సరిగా ఉండాలందిగానీ అంకె చెప్పలేదు. అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం 250 మందికి ఒకరు అంటుంది. మనకి టెలి మానస్ ఉంది, నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం. అది పిల్లలకే కాదు, వాళ్ళ మాట వినేవాళ్ళకి కూడా.

మానేయొచ్చుగా అంటే, “పబ్లిక్ పరీక్షలయ్యాక చూద్దాంలే” అంటుంది అక్క. రెండేళ్ళుగా అదే మాట.