వినపడని చోట వదిలే ఖాళీ

మామూలుగా మాట్లాడే మనిషి నోటి నుంచి నిమిషానికి 120 నుంచి 160 దాకా ఇంగ్లిషు పదాలు వస్తాయి. చేతిరాత ఎంత పరుగెత్తినా నిమిషానికి పాతికో ముప్పయ్యో దాటదు. నోటికీ చేతికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని పూడ్చాలని మనుషులు రెండు వేల ఏళ్లుగా పాటుపడుతున్నారు. రోమ్‌లో సిసెరో దగ్గర రాతపని చేసిన టైరో పేరు మీద ఒక సంకేతలిపే ఉంది. చార్లెస్ డికెన్స్ నవలలు మొదలుపెట్టకముందు గర్నీ పద్ధతి నేర్చుకుని పార్లమెంటు ప్రసంగాలు రాసుకునేవాడు. వీటన్నిటిలో హైదరాబాద్ గల్లీల దాకా వచ్చి, ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది మాత్రం పిట్మన్ షార్ట్‌హ్యాండ్. ఇవాళ ఆ పనిని సాఫ్ట్‌వేర్ అందుకుంది. హైటెక్ సిటీలో మీటింగ్ ముగిసీ ముగియకముందే ఎవరేమన్నారో అక్షరాల్లో తెర మీద ఉంటుంది. వేగంలో దానికి సాటి లేదు. కానీ ఒక్క విషయంలో పాత స్టెనో చూపిన జాగ్రత్త దానికింకా పట్టుబడలేదు. అది అర్థం కావాలంటే ముందు ఆ గీతల్ని దగ్గరగా చూడాలి.

ఐజాక్ పిట్మన్ ఇంగ్లండ్‌లో బడిపంతులు. 1837లో, 24 ఏళ్ల వయసులో, తన పద్ధతిని చిన్న పుస్తకంగా అచ్చు వేశాడు. మూడేళ్లకు బ్రిటన్‌లో పెన్నీ పోస్టు మొదలైంది. ఒక్క పెన్నీతో దేశంలో ఏ మూలకైనా ఉత్తరం వెళ్లేది. పిట్మన్ ఆ అవకాశాన్ని వదులుకోలేదు. పాఠాలు తపాలాలో పంపాడు, విద్యార్థులు చేసిన అభ్యాసాలు తెప్పించుకుని దిద్దాడు. దూరవిద్య చరిత్ర చెప్పేటప్పుడు ఆయన పేరు తలుచుకునేది అందుకే.

ఆయన స్పెల్లింగును పక్కన పెట్టి, చెవిన పడిన ధ్వనిని మాత్రమే రాయమన్నాడు. ఇంగ్లిషువాళ్లకు అది కొత్త సంగతి. మనకు కాదు. క చ ట త ప పరుషాలనీ, గ జ డ ద బ సరళాలనీ తెలుగు బళ్లో పిల్లలకు చెబుతారు. నోట్లో పుట్టే చోటు ఒకటే అయినా కంఠం మోగితే పరుషం సరళమవుతుంది. పిట్మన్ పట్టుకున్నది సరిగ్గా ఈ జంటలనే. ఒకే గీత సన్నగా గీస్తే పరుషం, ఒత్తి గీస్తే సరళం. పైనుంచి కుడివైపుకు వాలుగా దిగే సన్నగీత ప, లావైతే బ. నిలువుగీత ట, లావైతే డ. అడ్డగీత క, లావైతే గ. ఎడమవైపుకు వాలితే చ, లావైతే జ. ఈ ఒత్తు తేలడానికే స్టెనోలు మెత్తని పెన్సిలు వాడేవారు, దాన్ని రెండు వైపులా చెక్కి ఉంచుకునేవారు. ఒక మొన మొద్దుబారితే తిప్పి పట్టుకోవడమే, చెప్పేవాళ్లు మన కోసం ఆగరు కదా.

ఇక అచ్చులు. వాటికి చుక్కలు, చిట్టి గీతలు ఉన్నాయి గానీ వేగం పెరిగాక అవి పెట్టడానికి వ్యవధి ఉండదు. అందుకని గీతను నోట్‌బుక్ లైనుకు ఎంత ఎత్తులో మొదలుపెట్టామన్నదే అచ్చుకు ఆనవాలు. ట గీత కింద ప గీత కలిపి రాశామనుకోండి. మొదటి గీత లైనుకు పైన ఎత్తుగా ఉంటే ‘ట్యాప్’. లైను మీద ఆనితే ‘టేప్’. లైనును కోసుకుంటూ దిగితే ‘టిప్’. బాగుంది, కానీ ‘టాప్’ కూడా ఎత్తులోనే రాస్తారు. మరి అక్కడున్నది కుళాయా, శిఖరమా? గీత చెప్పదు, వాక్యం చెబుతుంది. నీళ్ల సంగతి నడుస్తుంటే కుళాయి, కొండ సంగతి నడుస్తుంటే శిఖరం.

అంటే షార్ట్‌హ్యాండ్‌లో సగం రాత కాగితం మీద ఉంటుంది, సగం రాసిన మనిషి బుర్రలో ఉంటుంది. క్లాడ్ షానన్ 1948లో సమాచార సిద్ధాంతం రాస్తూ, ఇంగ్లిషు రాతలో దాదాపు సగం లేకపోయినా మిగతాదాన్ని బట్టి పూరించుకోవచ్చని లెక్కగట్టాడు. పిట్మన్ ఆ సగాన్ని అంతకు నూట పదేళ్ల ముందే కత్తిరించాడు. గణితంతో కాదు, చెవితో. ఇవాళ మనం ఫోన్లో పాటను కుదించి దాచుకున్నా, వీడియో కాల్ మాట్లాడినా దాని వెనకున్న పద్ధతుల్లో ఒకటి ఇదే: ఊహకు అందేదాన్ని వదిలెయ్, అందనిదాన్ని ఉంచు.

సికింద్రాబాద్, నారాయణగూడ, కోఠి ప్రాంతాల్లో మేడ మీది టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒకప్పుడు తెల్లవారుజాము నుంచే టకటకలాడేవి. టైపుతోపాటు షార్ట్‌హ్యాండ్ కూడా వచ్చినవాడి లెక్కే వేరు. సాంకేతిక విద్యా మండలి పరీక్షలో ఇంగ్లిషు లోయర్‌కు నిమిషానికి 80 పదాలు, హయ్యర్‌కు 120. హయ్యర్ అంటే సెకనుకు రెండు పదాలు. మాస్టారు పేజీ మీద పదాలు లెక్కపెట్టి గుర్తులు పెట్టుకుని, గడియారం చూస్తూ సంపాదకీయమో శాసనసభ ప్రసంగమో చదువుతారు. రాసేవాళ్ల కుడిచెయ్యి చివరి లైనులో ఉండగానే ఎడమచేతి బొటనవేలు పేజీ అంచును పైకి జరుపుతూ ఉంటుంది. పేజీ తిప్పడానికి అరసెకను పోయినా ఒక పదం పోయినట్టే. చెవి ఒక పదం మీద ఉంటే చెయ్యి నాలుగైదు పదాల వెనక ఉంటుంది. మధ్యలో ఉన్నవాటిని మనసు మోయాలి. ఏళ్ల తరబడి రోజూ చేస్తే తప్ప ఇది రాదు, మానేస్తే నిలవదు కూడా. నా ఉద్దేశంలో ఇది చేతిపని కన్నా చెవిపని. సచివాలయంలో, కోర్టుల్లో, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ లాంటి ప్రభుత్వ సంస్థల్లో పెద్ద అధికారి గది పక్కన ఒక చిన్న గది ఉండేది ఈ చెవి కోసమే.

ఆ చెవి విలువ తెలియాలంటే గుడ్విన్ కథ చాలు. వివేకానందుడు 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో ప్రసంగించాడు. అప్పటికింకా ఆయన పక్కన స్టెనో లేడు. 1895 డిసెంబరులో న్యూయార్క్‌లో జోసయ్య జాన్ గుడ్విన్ అనే ఇంగ్లిషు యువకుడు జీతానికి కుదిరాడు. కొద్దిరోజులకే జీతం వద్దని శిష్యుడైపోయాడు. 1897లో కొలంబో నుంచి ఉత్తరాది దాకా గురువు వెంట తిరుగుతూ ప్రసంగాలన్నీ రాసుకున్నాడు. 1898లో ఊటీలో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే చనిపోయాడు. వివేకానందుడి ఉపన్యాసాలుగా ఇవాళ మనం చదువుతున్నవాటిలో చాలా భాగం ఆయన చేతి గీతల్లోంచి వచ్చినవే.

1998 నవంబరులో మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య సైబర్ టవర్స్ ప్రారంభమైంది. కంప్యూటర్ ముందున్న మేనేజరు తన ఉత్తరం తానే కొట్టుకోవడం నేర్చాడు. పక్క గది పోయింది. టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒక్కొక్కటే కంప్యూటర్ కోచింగ్ బోర్డులు పెట్టుకున్నాయి. అయితే ఆ రోజుల్లోనే స్టెనోకు ఈ ఊళ్లో మరో రూపం వచ్చింది. మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్. అమెరికాలో డాక్టరు రోగిని చూశాక చెప్పి రికార్డు చేసిన మాటలు రాత్రికి ఇక్కడికి చేరేవి. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. నొక్కితే డాక్టరు గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, పక్కన నొక్కితే వెనక్కి వెళ్తుంది. రెండు మూడు అక్షరాలు కొడితే పూర్తి వాక్యం పడేలా ఎవరికి వారు ఓ పొట్టి పదాల పట్టిక తయారు చేసుకునేవారు. తరచూ వచ్చే పదాలకు పిట్మన్ ఇచ్చిన ఒంటిగీత గుర్తులు, గ్రామలాగ్‌లు, చేసిన పని కూడా ఇదే.

ఆ తర్వాత యంత్రానికే చెవులు వచ్చాయి. 2018 సెప్టెంబరులో ప్రపంచం నలుమూలల నుంచి మాట మీద పరిశోధన చేసేవాళ్లు ఇంటర్‌స్పీచ్ సదస్సుకు హైటెక్ సిటీ పక్కనే ఉన్న హెచ్ఐసిసి సమావేశ కేంద్రానికి వచ్చారు. ఆ సందర్భంగా తెలుగు, తమిళం, గుజరాతీలకు మైక్రోసాఫ్ట్ ఒక్కో భాషలో శిక్షణకు 40 గంటల మాటలు ఇచ్చి పోటీ పెట్టింది. ఇంగ్లిషుకున్న సంపద ముందు 40 గంటలు ఏ మూలకూ చాలవు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్లు ఆ కొరత తీర్చడానికి మామూలు జనం చేత మాట్లాడించి దాదాపు 2,000 గంటల తెలుగు మాటను పోగుచేసి, అక్షరాల్లో పెట్టారు. తెలుగుకు ఇటీవల జరిగిన మేళ్లలో ఇది పెద్దదని నా నమ్మకం.

యంత్రం వినే తీరు చూడండి. గొంతును సెకనుకు 16,000 సార్లు కొలుస్తుంది. సాధారణంగా 25 మిల్లీసెకన్ల ముక్క తీసుకుని అందులో ఏ స్వరస్థాయిలో ఎంత బలముందో చూస్తుంది, 10 మిల్లీసెకన్లు జరిగి మళ్లీ చూస్తుంది. ధ్వనిని పోల్చుకున్నాక, ఈ మాట తర్వాత ఏ మాట రావచ్చో ముందే చదివిన రాతను బట్టి అంచనా కడుతుంది. కుళాయా శిఖరమా అన్న స్టెనో ప్రశ్నే అది వేసుకునేదీ. తెలుగు దగ్గర తడబాటు ఎక్కువ. ‘రాయలేకపోయినవాళ్లందరికీ’ అన్నది మనకు ఒక్క పదం, అదే ఇంగ్లిషులో ఏడెనిమిది పదాలు. చివరి దీర్ఘం ఒక్కటి జారినా పదం మొత్తం తప్పు కిందికి పోతుంది. ఆపైన హైటెక్ సిటీ తెలుగులో ‘పోస్ట్‌పోన్ చేశారట’, ‘డెప్లాయ్ అయిందా’ లాంటివి అడుగడుగునా వస్తాయి. ఇంగ్లిషు పదానికి తెలుగు తోక తగిలేసరికి యంత్రం ఏ భాషలో వెతుక్కోవాలో తేల్చుకోలేదు.

ఇవి కాలక్రమంలో సర్దుకుంటాయి. నన్ను బాధపెట్టేది ఇంకొకటి. 6,80,000 గంటల మాటలతో తయారై 2022లో వచ్చిన విస్పర్ అనే ప్రసిద్ధ వ్యవస్థను పరిశోధకులు పరీక్షించి, 2024లో ఫలితం ప్రకటించారు. వాళ్లు చూసిన రికార్డింగుల్లో సుమారు నూటికి ఒకదానిలో ఎవరూ అనని వాక్యాలు వచ్చి చేరాయి. పక్షవాతం వంటి జబ్బుల వల్ల మాట దెబ్బతిన్నవాళ్ల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. మాట కోసం వెతుక్కుంటూ వాళ్లు ఆగిన నిశ్శబ్దాన్ని యంత్రం సొంత మాటలతో నింపింది.

స్టెనో ఆ పని చెయ్యడు. వినపడకపోతే ఖాళీ వదలాలి, సున్నా చుట్టుకోవాలి, డిక్టేషన్ అయ్యాక అడగాలి. మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్‌లోనూ అదే కట్టడి. డాక్టరు అన్నది ‘ఫిఫ్టీన్’ మిల్లీగ్రాములో ‘ఫిఫ్టీ’యో తేలకపోతే అక్కడ గీత గీసి, రికార్డింగులో అది ఎన్నో నిమిషమో రాసి వెనక్కి పంపేవారు. కోర్టులో సాక్షి చెప్పింది రాశాక అతనికి చదివి వినిపించాలని చట్టం చెప్పడం వెనకున్న జాగ్రత్తా ఇలాంటిదే.

చిక్కెక్కడొచ్చిందంటే తప్పులు లెక్కపెట్టడంలో. మాటను గుర్తించే వ్యవస్థలను ప్రపంచమంతా కొలిచే సూత్రంలో మారిన పదం, వదిలిన పదం, అదనంగా చేరిన పదం, మూడింటికీ ఒకటే మార్కు పోతుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ స్టెనో పరీక్షలో కూడా ఈ మూడూ పూర్తి తప్పులే. పరీక్షలో ఫర్వాలేదు, ఎందుకంటే ఉద్యోగంలో చేరాక ఖాళీ వదలమని చెప్పే పై మనిషి ఉంటాడు. యంత్రానికి ఆ సూత్రమే గురువు. ఖాళీ వదిలితే తప్పకుండా మార్కు పోతుంది, ఊహించి రాస్తే ఒక్కోసారైనా దక్కుతుంది. అలా పెరిగింది ఊహించడమే నేర్చుకుంటుంది. మందు మోతాదు దగ్గర ఖాళీ ఉంటే నర్సు డాక్టరుకు ఫోన్ చేస్తుంది. తప్పు అంకె ఉంటే ఎవరూ ఫోన్ చెయ్యరు.

ఇప్పటికీ తెలంగాణ కోర్టులు స్టెనోలను తీసుకుంటున్నాయి, 120 పదాల హయ్యర్ అడుగుతున్నాయి. మరోవైపు సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరి 21న రాజ్యాంగ ధర్మాసనం ముందు వాదనలను యంత్రంతో అక్షరాల్లోకి మార్చి చూసింది. రెండూ కొంతకాలం పక్కపక్కన నడుస్తాయి. ఈ సమయంలోనే చెయ్యగలిగిన పని ఒకటుంది. ప్రతి పదానికీ ఎంత నమ్మకంతో రాసిందో యంత్రంలో ఒక అంకె ఎలాగూ పుడుతుంది. తెర మీదకు మాత్రం ఎక్కువగా రాదు. అది ఒక హద్దుకు తగ్గిన చోట పదం బదులు ఖాళీ, ఖాళీ పక్కన నిమిషం, సెకను చూపిస్తే చాలు. హద్దు ఎంతన్నది ఇంజనీర్లు మాత్రమే తేల్చేది కాదు. కూకట్‌పల్లి కోర్టులో ఇప్పటికీ పెన్సిలు చెక్కుకుంటున్న స్టెనోను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ మాట దగ్గర ఆయన చెయ్యి ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో చూసి తేల్చాలి.