మాత్ర ఇస్తే సరిపోదు

పిల్లలూ! వారానికోసారి బడిలో మధ్యాహ్న భోజనం అయ్యాక మీ చేతిలో ఒక నీలం మాత్ర పెడతారు కదా! దాన్ని మీరంతా మింగుతున్నారా? నిజం చెప్పండి. కిటికీలోంచి విసిరేసేవాళ్లూ, బుగ్గన దాచి బయటికెళ్లి ఉమ్మేసేవాళ్లూ ఉంటారని నాకు తెలుసు. కానీ ఒకసారి మా బడిలో పిల్లలు మాత్రలు పారేస్తే, ఆ తప్పు వాళ్లది కాదు, నాదే.

ఆ రోజు వంట ఆలస్యమైంది. భోజనాలయ్యేసరికి గంట కొట్టేస్తారని, ఎనిమిదో తరగతివాళ్లకు మాత్రలు ముందే పంచేశాను. పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లు కూడా మంచినీళ్లతో మింగేశారు. కాసేపటికి నలుగురైదుగురు కడుపు పట్టుకుని కూర్చున్నారు. ఒకమ్మాయి వాంతి చేసుకుంది. రెండు రోజులకు ఇంకో కబురు. ఒకబ్బాయికి మలం నల్లగా అయిందట. కడుపులో రక్తం పోతోందేమోనని వాళ్ల నాయనమ్మ హడలిపోయింది. మరుసటి వారం సగం తరగతి మాత్ర ముట్టలేదు.

సంగతి తెలిసి ఆరోగ్య ఉపకేంద్రం నుంచి నర్సమ్మగారు వచ్చారు. అంతా విని, "మాత్ర ఇచ్చారు సరే మాస్టారూ, దాని సంగతి పిల్లలకు చెప్పారా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ ఆ రోజు చెప్పినదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మాత్రలో ఏముంది?

మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థం హిమోగ్లోబిన్. దాని తయారీకి ఇనుము కావాలి. ఎదిగే వయసులో ఒంట్లో రక్తం కూడా పెరగాలి కనుక ఇనుము అవసరం ఎక్కువ. అది చాలకపోతే రక్తహీనత వస్తుంది. మెట్లెక్కితే ఆయాసం, చదువు మీద ధ్యాస నిలవకపోవడం దాని గుర్తులు. అందుకే 10 నుంచి 19 ఏళ్ల వయసువారికి వారానికి ఒక నీలం మాత్ర ఇస్తున్నారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి.

నొప్పి ఎందుకు, నలుపు ఎందుకు?

ఖాళీ కడుపున ఇనుము ఒంటికి బాగానే పడుతుంది. కానీ అది జీర్ణాశయం లోపలి పొరను రేపుతుంది. అందుకే వికారం, నొప్పి. అన్నం తిన్నాక వేసుకుంటే ఒంటికి పట్టే ఇనుము కొంత తగ్గినా, కడుపు ఓర్చుకుంటుంది. మాత్ర పారేయడం కంటే అది మేలు కదా! నిమ్మ, జామ, ఉసిరిలోని విటమిన్ సి ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. టీలోని టానిన్లు అడ్డుపడతాయి. కనుక మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగకండి.

ఇక నలుపు సంగతి. మాత్రలోని ఇనుమంతా రక్తంలోకి చేరదు. ఎక్కువ భాగం పేగుల్లోనే మిగిలి మలంతో బయటికి పోతుంది. నలుపు దానివల్లే. అది జబ్బు కాదు.

ఏది మామూలు, ఏది ప్రమాదం?

మందు చేసే మేలుతోపాటు వచ్చే అక్కర్లేని ఫలితాన్ని దుష్ఫలితం అంటాం. వికారం, నల్లటి మలం అలాంటివే. వీటిని ముందే చెబితే భయం ఉండదు. కానీ ఏ మందు వేసుకున్నా ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి అందకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇనుము మాత్రలేవీ వాడనివారికి మలం తారులా నల్లగా, జిగటగా అయితే అది లోపలి రక్తస్రావం కావచ్చు. అప్పుడు తప్పక డాక్టరుకు చూపించాలి. చూశారా, నలుపు ఒకటే అయినా అర్థాలు రెండు!

ఇంకో మాట. ఇంటికి తెచ్చిన మాత్రలను చంటిపిల్లలకు అందేలా పెట్టకండి. చక్కెర పూత ఉన్న నీలం మాత్ర వాళ్ల కంటికి తియ్యబిళ్లలా కనిపిస్తుంది. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే ఏర్పాటు మన ఒంట్లో లేదు. పది కిలోల బరువున్న పసివాడు పది మాత్రలు మింగితే ప్రాణం మీదికి రావచ్చు.

నర్సు చూసుకునే అయిదు సంగతులు

ఆస్పత్రిలో నర్సు మందు ఇచ్చే ప్రతిసారీ మీ పేరడుగుతుంది. పొద్దున అడిగింది, మళ్లీ ఎందుకని విసుక్కోకండి. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ అనే అయిదూ ఆమె సరిచూసుకోవాలి. దారి అంటే మందు నోటితో మింగాలా, సూదితో ఇవ్వాలా, చర్మానికి రాయాలా అన్నది. చేతిలో ఉన్నది మంచి మందే అయినా, ఈ అయిదింట్లో ఒక్కటి తప్పితే కీడు జరగవచ్చు. నేను తప్పింది వేళ!

ఆ రోజు నర్సమ్మగారు చివర్లో "అర్థమైందా?" అని అడగలేదు. అలా అడిగితే అందరూ అయిందనే అంటారు. "ఇంటికెళ్లి నాయనమ్మకు ఏం చెబుతావో నాకు చెప్పు" అని ఆ అబ్బాయిని లేపారు. మొదట నలుపు సంగతి మరిచిపోయాడు. ఆవిడ మళ్లీ చెప్పారు. రెండోసారి తడుముకోకుండా చెప్పాడు. మరుసటి వారం కడుపు నిండా అన్నం తిన్నాక తరగతిలో అందరూ మాత్ర వేసుకున్నారు.

మీరూ చేయండి

ఇంట్లో ఎవరైనా మందులు వాడుతుంటే ఈ ప్రశ్నలు అడగండి. మందు పేరేమిటి? ఎందుకు వాడుతున్నారు? ఎంత, ఎప్పుడు వేసుకోవాలి? ఒంట్లో ఏ మార్పు మామూలు? ఏది కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి? జవాబు తెలియనివాటిని కాగితం మీద రాసి, ఈసారి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు వాళ్ల చేతికివ్వండి.