వందలో 93 మంది మెచ్చారంటే ఎన్ని మార్కులు వచ్చినట్టు?

తూర్పు లండన్‌లో నలుగురు స్నేహితులు తలా 25 వేల పౌండ్లు వేసుకుని లక్ష పోగుచేస్తారు. ఆ సొమ్ముతో ఎడ్డీ పేకాటకు కూర్చుంటాడు. ఆట పేరు త్రీ కార్డ్ బ్రాగ్, మన మూడు ముక్కలాటకు తాత. లేచేసరికి లక్షా పోయింది, పైగా హ్యాచెట్ హ్యారీ అనే రౌడీకి 5 లక్షల బాకీ. గడువు వారం. 1998 ఆగస్టులో బ్రిటన్‌లో విడుదలైన ‘లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్’ కథ ఇది. దర్శకుడు గై రిచీకి అదే తొలి పూర్తి నిడివి సినిమా. జేసన్ స్టేథమ్‌కూ, ఫుట్‌బాల్ మైదానం నుంచి వచ్చిన విన్నీ జోన్స్‌కూ వెండితెర మీద అదే మొదలు.

ఖర్చు సుమారు 13.5 లక్షల డాలర్లు. అప్పటి మారకం రేటులో 5.6 కోట్ల రూపాయలు. ప్రపంచవ్యాప్త వసూళ్లు 2.8 కోట్ల డాలర్లు, అంటే ఖర్చుకు ఇరవై రెట్లు. అయితే ఇది గ్రాస్. థియేటర్ల వాటా పోగా మిగిలే షేర్ ఎంత తగ్గుతుందో సినిమా లెక్కలు చూసే తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇందులో అమెరికా వాటా 40 లక్షల డాలర్ల లోపే. అక్కడివాళ్లకు ఆ యాస కొరుకుడు పడలేదంటే తప్పు పట్టలేం. ఒక సన్నివేశంలో లండన్ కాక్నీ మాటలకు సినిమావాళ్లే సబ్‌టైటిల్స్ వేసుకోవాల్సి వచ్చింది మరి!

ఇంతకీ చూసినవాళ్లు ఏమన్నారు? సమీక్షల వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్‌లో విమర్శకుల అంకె 75 శాతం ప్రాంతంలో ఉంది, ప్రేక్షకులది 93 ప్రాంతంలో. దీన్ని చాలామంది పరీక్ష మార్కుల్లా చదివేస్తారు: విమర్శకులు 75 వేశారు, జనం 93 వేశారు అని. అక్కడే పొరపాటు. అవి మార్కులు కావు, తలకాయల లెక్క. ఐదు స్టార్లకు మూడున్నర గానీ ఆపైన గానీ ఇచ్చిన ప్రేక్షకుణ్ని ‘నచ్చింది’ గంపలో వేస్తారు, మిగతావాళ్లను ‘నచ్చలేదు’ గంపలో. చూసిన ప్రతివాడూ “సరే, పర్లేదు” అని మూడున్నర పారేస్తే ఆ సినిమాకు 100 శాతం వచ్చేస్తుంది. ఇంకో సినిమాకు పదిమంది ఐదుకు ఐదు, పదిమంది మూడు ఇచ్చారనుకోండి. సగటు నాలుగు, శాతం మాత్రం 50. నిజంగా ఎక్కువ నచ్చింది రెండోదే, కానీ పోస్టర్ మీద వెలిగేది మొదటిదే.

ఐఎమ్‌డీబీ వెబ్‌సైట్‌ది వేరే పద్ధతి. అక్కడ ఒకటి నుంచి పది దాకా ఓటు. ‘లాక్, స్టాక్’కు 6 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, రేటింగ్ 8కి పైనే. నా దృష్టిలో 8 కన్నా ఆ 6 లక్షలే విలువైన అంకె. ఎందుకంటే చిన్న బడ్జెట్ సినిమాకు మొదట ఓటేసేది ఎవరు? తీసినవాళ్లు, వాళ్ల చుట్టాలు, స్నేహితులు. పేరు ఊరు లేని ఒక గ్యాంగ్‌స్టర్ సినిమాకు 40 ఓట్లే పడ్డాయనుకుందాం. 30 మంది మనవాళ్లు పదికి పది, టికెట్ డబ్బులు పోయాయన్న మంటతో 10 మంది ఒకటి. సగటు 7.75. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ ఏడో ఎనిమిదో ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఈ బెడద తెలిసే ఐఎమ్‌డీబీ తన టాప్ 250 జాబితాకు ఒక సూత్రం పెట్టుకుంది. ప్రతి సినిమాకూ, అన్ని సినిమాల సగటు రేటింగ్‌తో 25 వేల ఓట్లు ముందే పడినట్టు లెక్కేస్తుంది. ఆ సగటు 7 అనుకుంటే, మన 40 ఓట్ల సినిమా 7.75 నుంచి 7.001కి జారుతుంది (నిజానికి 25 వేల ఓట్లు లేనిదే ఆ జాబితాలోకే రానివ్వరు). 6 లక్షల ఓట్లతో 8.1 ఉన్న సినిమా మాత్రం 8.06 దగ్గర నిలబడుతుంది. మామూలు పేజీలో కనిపించే రేటింగ్‌కు వాడే లెక్కను మాత్రం ఐఎమ్‌డీబీ పూర్తిగా బయటపెట్టదు. పెడితే దొంగ ఓట్లవాళ్లకు దారి చూపినట్టేగా.

ఇవేవీ లేకుండా జనం నేరుగా తీర్పు చెప్పిన సందర్భం కూడా ఉంది. 1999 బాఫ్టా వేడుకలో ఉత్తమ బ్రిటిష్ చిత్రం అవార్డు మన శేఖర్ కపూర్ తీసిన ‘ఎలిజబెత్’కు వెళ్లింది. ప్రేక్షకుల ఓటుతో ఇచ్చే అవార్డు ‘లాక్, స్టాక్’కు దక్కింది.

గై రిచీ తర్వాతి సినిమా ‘స్నాచ్’ (2000) బడ్జెట్ కోటి డాలర్లు. అమెరికన్ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ నాలుగు స్టార్లకు మొదటిదానికి 3, రెండోదానికి 2 ఇచ్చాడు. ఉన్న సరుకునే మళ్లీ వడ్డిస్తే ఆయనకు సహించలేదు. ఐఎమ్‌డీబీ ఓటర్లు రెండింటినీ 8 పైనే కూర్చోబెట్టారు. ఒకే వంటను రెండోసారి లొట్టలేసుకుని తినడం ప్రేక్షకుడికి కొత్తేం కాదు, మన కమర్షియల్ సినిమా బతికేదే దాని మీద.

ఏ సినిమాకైనా 2.75 ఇచ్చే సమీక్షలు చదివి పెరిగినవాణ్ని కాబట్టి నేనూ ఒక అంకె చెప్పాలి. పాత్రల రద్దీలో మొదటి అరగంట తికమకపడ్డాను, చివరి అరగంట నవ్వి నవ్వి అలిసిపోయాను. ‘లాక్, స్టాక్’కు ఐదుకు మూడున్నర. అర స్టార్ తగ్గించి ఉంటే ‘నచ్చలేదు’ గంపలో పడేవాణ్ని.