పైథాన్ పిలుపు – సీ పలుకు

కంప్యూటరునకు పని చెప్పు భాషలలో పైథాన్ మిక్కిలి సులువైనది. ఇంట కళాశాలకు పోవు పిల్లలున్నవారు ఈ పేరు వినియే యుందురు. నెదర్లాండ్స్ దేశీయుడగు గీడో వాన్ రోసమ్ దీనిని 1991లో వెలువరించెను. ఇందు సంఖ్య ఏ రకమైనదో, దాని కెంత చోటు కావలెనో ముందుగా చెప్పనక్కరలేదు. ఆ సులువునకు వెల కలదు. పెద్ద లెక్కలు మెల్లగా సాగును. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ కూర్చిన సీ భాషలో ప్రతిదాని రకమును ముందే చెప్పవలెను. పని మాత్రము చురుకుగా జరుగును. ఆ భాషలో నిపుణులు దశాబ్దులుగా సమకూర్చిన లైబ్రరీలు ఎన్నియో కలవు.

వానిలోని పనులను మరల వ్రాయక, పైథాన్ నుండియే పిలువవచ్చును. ఇందులకై సీటైప్స్ అను సాధనము 2006లో పైథాన్ 2.5తో చేరినది. లైబ్రరీని తెరచి, పని పేరు చెప్పి, విలువ నందించిన చాలును. చిక్కంతయు ఆ అందించుటలోనే యున్నది.

వర్గమూలము కట్టు పనిని తీసికొందము. సీ లైబ్రరీలో దీనికి దశాంశ సంఖ్య నీయవలెను. ఫలితమును దశాంశ సంఖ్యయే. మనము 2.0 అని యిచ్చినచో, రకము తెలియలేదని సీటైప్స్ తానే అభ్యంతరము చెప్పును. అది మేలు. ఉత్త 2 అని యిచ్చినచో కిక్కురుమనదు. నేటి 64 బిట్ల యంత్రములలో పూర్ణాంకములను ఒక అరలోను, దశాంశ సంఖ్యలను వేరొక అరలోను ఉంచి పంపుట వాడుక. మన 2 మొదటి అరలో కూర్చుండును. వర్గమూలపు పని రెండవ అరను తెరచి, అందు మునుపు మిగిలియున్న దేనికో మూలము కట్టి, ఫలితము నచ్చటనే పెట్టును. సీటైప్స్ అయితే ఫలితము పూర్ణాంకమే యని తలచి మొదటి అరను చూచును! 1.414 రావలసినచోట ఏదో అంకె వచ్చును; హెచ్చరిక యుండదు. ఆగిపోవు యంత్రముకంటె తప్పులెక్కను ధీమాగా చెప్పు యంత్రమే అపాయకరమని నా తలంపు.

చిరునామా తిరిగివచ్చు పనులలో ముప్పు హెచ్చు. చిరునామాకు 64 బిట్లు కావలెను. సీటైప్స్ తలచు పూర్ణాంకమునకు 32 మాత్రమే. పై సగము సున్నలైననాడు ఏమియు కాదు. కానినాడు తెగిన చిరునామాతో పోయి ప్రోగ్రాము కూలును. పైథాన్‌లో తప్పులు పట్టు ఏర్పాటు సైతము దానిని ఆపజాలదు.

కావున పిలుచుటకు ముందు రెండు పంక్తులు వ్రాయవలెను. ఇచ్చు విలువల రకమునకు ఆర్గ్‌టైప్స్, వచ్చు ఫలితపు రకమునకు రెస్‌టైప్ అని పేర్లు. ఈ రకములను లైబ్రరీతో వచ్చు హెడర్ ఫైలులో చూచి వ్రాయవలెనే గాని ఊహింపరాదు. వర్గమూలమునకు రెండుచోట్లను సీ డబుల్ అని వ్రాసినచో, ఉత్త 2 ఇచ్చినను సీటైప్స్ దానిని దశాంశ సంఖ్యగా మార్చి సరియైన అరలో ఉంచి పంపును, 1.4142135623730951 అని ఫలితము వచ్చును.