షీటాకే పుట్టగొడుగు - మార్కాపురపు ఎండ

తొలకరి వానలు కురిసిన కొలది దినములకు నల్లమల అంచులలోని చెదపుట్టలపై తెల్లని గొడుగులు లేచును. గిద్దలూరు, దోర్నాల, యర్రగొండపాలెము ప్రాంతముల వారికి ఇవి క్రొత్త కావు. పుట్టపై మొలచినది కావున పుట్టగొడుగు అను పేరు కలిగినది. పెంటదిబ్బలపై మొలచు పనికిరాని జాతులను కుక్కగొడుగులందురు. తినదగినది, తినరానిది అను భేదము ఈ రెండు పేర్లలోనే కలదు.

ఇటీవల నగరములలోని అంగళ్లలో షీటాకే అను జపాను పుట్టగొడుగు ఎండురూపమున అమ్ముడగుచున్నది. అది సర్వరోగ నివారిణి యనియు, దానిని పండించిన రైతునకు కాసులు రాలుననియు ప్రచారము జరుగుచున్నది. వానలు తక్కువై, బోర్లు ఎండి, జనులు కూలికై వలసపోవు పశ్చిమ ప్రకాశమున ఇట్టి మాట త్వరగా చెవికెక్కును. కావున ఆ పంట స్వభావమును తెలిసికొనుట అవసరము.

శిలీంధ్రముల జీవనము

పుట్టగొడుగు మొక్క కాదు. దానికి పత్రహరితము లేదు. ఎండనుండి ఆహారమును తయారు చేసికొనలేదు. కట్టె, గడ్డి, ఆకు మొదలగువానిలో దారములవలె అల్లుకొని, వానిని జీర్ణించుకొని బ్రతుకును. ఈ అల్లికయే శిలీంధ్రజాలము. పైకి కనిపించు గొడుగు దాని ఫలము వంటిది. గొడుగు అడుగున నున్న రేకులనుండి సిద్ధబీజములు లక్షలకొలది రాలును.

ప్రతి జాతికి తన ఆహారము, తన వాతావరణము వేరు. నల్లమలలో పుట్టలపై మొలచు టెర్మిటోమైసీస్ జాతి చెదపురుగులతో కలసి జీవించును. చెదలు పుట్టలోపల నమలిన కట్టెతోను, ఆకులతోను తేనెపట్టువంటి గూడు కట్టి దానిపై ఈ శిలీంధ్రమును పెంచి తినును. చెదలు లేక దీనిని పంటగా పండించు మార్గము ఇంతవరకు కుదరలేదు. ఇంటి ప్రక్క పుట్టపై మొలచునది కూడ మనుష్యుని సేద్యమునకు లొంగక పోవుట గమనింపదగినది.

షీటాకే ఎచ్చట పండును?

జపానులో ‘షీ’ అనునది ఒక చెట్టు పేరు. ‘టాకే’ యనగా పుట్టగొడుగు. చీనాలో దీనిని సువాసనగల పుట్టగొడుగు అను అర్థముతో పిలుతురు. అచ్చట సుమారు వేయి సంవత్సరములుగా దీనిని పెంచుచున్నారు. పాత పద్ధతిలో, సుమారు ఒక మీటరు పొడవు, 10 మొదలు 15 సెంటీమీటర్ల మందముగల ఓక్ జాతి దుంగలకు రంధ్రములు చేసి, విత్తనము నింపి, మైనముతో మూసి నీడలో నుంతురు. శిలీంధ్రజాలము దుంగంతయు వ్యాపించుటకు ఒక సంవత్సరమో, అంతకు మించియో పట్టును. పిమ్మట దుంగను చల్లని నీటిలో నానవేసినచో గొడుగులు లేచును. నేడు ఱంపపు పొట్టుతో చేసిన దిమ్మెలపై దీనిని మరింత త్వరగా పండించుచున్నారు.

షీటాకే శిలీంధ్రజాలము సుమారు 25 డిగ్రీల సెంటిగ్రేడులో బాగుగా పెరుగును. గొడుగులు లేచుటకు సాధారణముగా 10 మొదలు 20 డిగ్రీల చల్లదనము కావలెను. మార్కాపురమున వేసవి పగటి వేడి 40 డిగ్రీలు దాటును. నల్లమలలో ఓక్ వృక్షములును లేవు. భారతదేశమున ఈ పంటకు హిమాలయ ప్రాంతము, ఈశాన్య రాష్ట్రములు అనువైనవి. శీతల యంత్రములతో గదిని చల్లపరచి ఎచ్చటనైనను పండింపవచ్చును; కాని ఆ విద్యుత్ ఖర్చు చిన్న రైతు భరించునది కాదు.

ఈ నేలకు తగిన జాతులు

వేడిని ఓర్చు పుట్టగొడుగు భారతదేశముననే కలదు. 1974 లో పశ్చిమ బెంగాలు నుండి పురకాయస్థ, చంద్ర అను శాస్త్రజ్ఞులు వర్ణించిన పాల పుట్టగొడుగు 30 మొదలు 35 డిగ్రీల వేడిలో చక్కగా ఫలించును. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము దీనినుండి 1998 లో ఒక రకమును విడుదల చేసినది. చలికాలమునకు ముత్యపుచిప్ప పుట్టగొడుగు తగినది. దానికి 20 మొదలు 30 డిగ్రీలు చాలును.

ఈ రెంటికి వరిగడ్డి చాలును. కంభం చెరువు క్రింది వరిపొలముల గడ్డి ఇందుకు పనికివచ్చును. గడ్డిని అయిదు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, నానవేసి, 80 డిగ్రీల వేడినీటిలో ఒక గంట యుంచవలెను. పోటీకి వచ్చు బూజులు ఇట్లు నశించును. పిండినచో నీరు కారనంతగా ఆరబెట్టి, పాలిథీను సంచిలో పొరలు పొరలుగా నింపుచు, నడుమ విత్తనము చల్లవలెను. ధాన్యపు గింజలపై పెంచిన శిలీంధ్రజాలమే ఈ విత్తనము. దీనిని స్పాన్ అందురు. గాలికి రంధ్రములు చేసి చీకటి గదిలో రెండు మూడు వారములు ఉంచినచో గడ్డి తెల్లబడును. అటుపిమ్మట ముత్యపుచిప్ప జాతికి సంచిని చీల్చి నీరు చిలకరించిన చాలును. పాల పుట్టగొడుగునకు మాత్రము పైన శుద్ధిచేసిన మట్టిని పొరగా పరచవలెను.

గదిలో గాలి తేమ 80 శాతమునకు తగ్గరాదు. పొడి గాలిలో నీరు త్వరగా ఆవిరియై వేడిని హరించును. కావున పూరిపాకకు తడిపిన గోనెపట్టలు కట్టిన యెడల ఎండాకాలమున తేమయు, చల్లదనమును రెండును లభించును. అయినను నిత్యము నీరు దొరకని చోట వేసవి పంటకు దిగరాదు.

వంట, ఆరోగ్యము

ఎండు షీటాకేను చల్లని నీటిలో కొన్ని గంటలు నానవేసి, గట్టి కాడను తీసి వండుదురు. నానిన నీటిని పులుసులో పోయుదురు. దాని రుచికి ముఖ్యకారణము గ్వానిలిక్ ఆమ్ల లవణములని 1957 లో అకిరా కునినాకా అను జపాను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. గ్లుటామిక్ ఆమ్లముగల పదార్థముతో చేరినప్పుడు ఈ రుచి అనేక రెట్లు హెచ్చును. టమాటాలో ఆ ఆమ్లము కలదు. టమాటాతో వండిన పుట్టగొడుగు కూర జొన్నరొట్టెకు మంచి జోడు.

పచ్చి పుట్టగొడుగులలో పదింట తొమ్మిది వంతులు నీరే. నూరు గ్రాములలో మాంసకృత్తులు రెండు మూడు గ్రాములు మాత్రమే. అంతే బరువు ఎండు కందిపప్పులో ఇరువది గ్రాములకు పైగా నుండును. కావున ఇవి పప్పునకు తోడగునే గాని దాని స్థానమును ఆక్రమింపజాలవు. క్రొవ్వు తక్కువ, పొటాసియము, బి విటమినులు చెప్పుకోదగినంత యుండును. పుట్టగొడుగులలోని ఎర్గోస్టిరాల్ అను పదార్థము ఎండలోని అతినీలలోహిత కిరణములచే డి విటమినుగా మారును. అందుచేత కోసిన పుట్టగొడుగులను రేకులు పైకి వచ్చునట్లు కొంతసేపు ఎండలో నుంచుట మంచిది. ఈ గుణములు షీటాకేకు మాత్రమే చెందినవి కావు.

షీటాకేలోని లెంటినాన్ అను పదార్థమును వేరుచేసి, సూదిమందుగా, కాన్సరు చికిత్సకు తోడుగా జపానులో 1985 నుండి వాడిరి. శుద్ధిచేసిన మందు వేరు, వండిన కూర వేరు. కూర తిని చికిత్సను మానుట ప్రాణాపాయము. సరిగా ఉడకని షీటాకే తిన్న కొందరికి ఒంటిపై కొరడా దెబ్బలవంటి ఎఱ్ఱని చారలు వచ్చును. ఈ సంగతి 1977 లో జపానులో వెల్లడియైనది. ఏ పుట్టగొడుగునైనను బాగుగా ఉడికించియే తినవలెను.

విషజాతులు

అడవిలోను, పశువుల దొడ్లలోను మొలచువానిని గుర్తెరుగక తినరాదు. వెండి నల్లబడలేదనియు, పురుగులు తిన్నవనియు నమ్ముట పొరపాటు. కొన్ని అమనిటా జాతుల విషము వండినను నశింపదు. తిన్న ఆరు గంటలకు, ఒక్కొక్కప్పుడు పండ్రెండు గంటలకుగాని బాధ కనిపింపదు. అప్పటికే కాలేయము చెడుట ఆరంభమగును. అనుమానము కలిగిన వెంటనే, మిగిలిన ముక్కతో సహా ఆసుపత్రికి పోవలెను.

పాఠశాలలో ఒక ప్రయోగము

అంగడిలో కొన్న, బాగుగా విచ్చిన ముత్యపుచిప్ప పుట్టగొడుగు కాడను కోసి, రేకులు క్రిందికుండునట్లు సగము తెల్ల కాగితముపై, సగము మార్కాపురపు నల్ల పలకపై ఉంచి, గాజు గ్లాసు బోర్లించవలెను. మరునాటికి లేతరంగు సిద్ధబీజముల చారలు పలకపై స్పష్టముగా కనిపించును. కాగితముపై అంతగా కానరావు. ముదురు రంగు బీజముల జాతియైనచో కాగితముపైననే తేటపడును. శాస్త్రజ్ఞులు జాతులను గుర్తించుటకు చూచు లక్షణములలో ఈ రంగు ఒకటి. అయితే ఇది ఒక్కటే తినదగినదని తేల్చు పరీక్ష కాదని విద్యార్థులకు ఉపాధ్యాయులు ముందుగానే చెప్పవలెను.