గ్యాసుపొయ్యి మంట సన్నగా వస్తే ఏం చూడాలి?



1999లో వచ్చిన దీపం పథకంతోని, 2016లో వచ్చిన ఉజ్వల పథకంతోని ఎన్నో పేద ఇండ్లకు గ్యాసుపొయ్యి వచ్చింది. కాని మంట కొంచెం సన్నబడితే చాలు, "గ్యాసు అయిపోయింది" అని మళ్ళీ కట్టెలపొయ్యి ముట్టిస్తారు. అమ్మ మళ్ళీ పొగలో కూర్చుంటుంది. కొందరైతే బండను అడ్డం పడేస్తారు, వేడినీళ్ళు పోస్తారు. అది ప్రాణానికే ముప్పు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మనం ఒక్క ప్రశ్న అడిగితే సగం సంగతి తేలిపోతుంది. సన్నగా మండేది ఒక బర్నరా, రెండూనా?

ఒక్కటే అయితే: బండలో గ్యాసు ఉన్నట్లే. తప్పు ఆ బర్నరులోనే ఉంది. గంజి పొంగి కారి, ఎండిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి. రెగ్యులేటరు బందుచేసి, పొయ్యి చల్లారినాక బర్నరు తీసి, సబ్బునీళ్ళతో తోమి, బాగా ఆరబెట్టి పెట్టాలి. అయినా మంట రాకుంటే లోపల గ్యాసు వచ్చే సన్నటి ఇత్తడి జెట్టులో చెత్త చేరిందన్నమాట. దాన్ని సూదితో పొడవకండి. రంధ్రం పెద్దదైతే మంట పసుపుపచ్చగా వస్తుంది, గిన్నె మసిబారుతుంది, గ్యాసు దండగ. మెకానిక్కుతో చేయించాలి. మంచి మంట నీలంగా ఉంటుంది.

రెండూ అయితే: పొయ్యి నుంచి బండ దాకా వరుసగా చూడండి. రబ్బరు గొట్టం మడతపడిందా? దేనికిందనైనా నలిగిందా? పగుళ్ళుంటే వెంటనే మార్చాలి. పగుళ్ళు లేకున్నా ఐదేండ్లకు మించి వాడరాదు. రెగ్యులేటరు పూర్తిగా తిప్పారా?

ఆ తర్వాత బండ. ఇంటి బండలో 14.2 కిలోల గ్యాసు పోస్తారు. ఖాళీ బండ బరువు దానిమీదే రాసి ఉంటుంది. తూకం లేకుంటే తడిబట్టతో బండను తుడవండి. లోపల ద్రవం ఉన్నంతమేర తడి ఆలస్యంగా ఆరుతుంది.

చలికాలం పొద్దున కూడా మంట తగ్గవచ్చు. బండలో ప్రొపేను, బ్యూటేను ద్రవరూపంలో ఉంటాయి. ద్రవం గ్యాసుగా మారాలంటే వేడి కావాలి. చలికి అది నిదానమవుతుంది, అడుగంటిన బండలో ఇంకా ఎక్కువ. ఎండ ఎక్కినాక అదే సర్దుకుంటుంది. ఇవన్నీ బాగుండి కూడా మంట రాకుంటే రెగ్యులేటరు చెడినట్లే. విప్పకుండా గ్యాసు డీలరుకు చెప్పాలి.

జాగ్రత్త! గ్యాసుకు సొంత వాసన లేదు. కారితే తెలియాలని ఘాటు వాసన కలుపుతారు. అది గాలికన్నా బరువు, నేలమీదనే పరుచుకుంటుంది. వాసన వస్తే అగ్గిపుల్ల గీయొద్దు, కరెంటు స్విచ్చి వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటరు బందుచేసి, తలుపులు తెరిచి, అందరూ బయటికి పోయి 1906కు ఫోను చేయాలి. కారేచోటు చూడాలంటే సబ్బునురగ రాయాలి, బుడగలు వస్తాయి.

హాస్టలు వంటశాలలో మాత్రం మనం చేయి పెట్టొద్దు. వాసన వస్తే ముందు వంటవాళ్ళకు, వార్డెన్ గారికి చెప్పాలి.