ఎక్స్‌రేలో లేని మచ్చ సీటీలో ఎక్కడిది?

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు, వారం తిరక్కుండా సీటీ తీసి 6 మిల్లీమీటర్ల నోడ్యూల్ ఉందంటున్నారు, ఏది నమ్మాలి? పాఠకులు అడిగే ఈ ప్రశ్నకు జవాబు, రెండూ నమ్మవచ్చు. ఊపిరితిత్తిలో 3 సెంటీమీటర్లు మించని గుండ్రటి మచ్చను నోడ్యూల్ అంటారు. వీటిలో చాలావాటికి క్యాన్సర్‌తో సంబంధం ఉండదు. అంత చిన్న మచ్చ కనబడుతుందా లేదా అన్నది యంత్రం ఖరీదును బట్టి తేలదు. ఆ యంత్రం మచ్చను దేనితో కలిపి చూస్తుందో దాన్ని బట్టి తేలుతుంది.

ఎక్స్‌రే కిరణం వీపులో దూరి ఛాతీలోంచి బయటపడేలోగా తగిలిన కండ, పక్కటెముక, రక్తనాళం, గుండె అన్నిటి లెక్కనూ ఒకే చుక్కలో కూడేస్తుంది. ఆ మొత్తంలో 6 మిల్లీమీటర్ల వాటా ఏపాటిది? సీటీ ఈ కూడికను విడదీస్తుంది. 1971లో లండన్‌లో మొదటి రోగికి సీటీ తీసిన హౌన్స్‌ఫీల్డ్ పేరుతో ఉన్న కొలమానంలో నీటికి 0, గాలికి మైనస్ 1000. గాలి నిండిన ఊపిరితిత్తి మైనస్ 850 దగ్గర, గట్టి మచ్చ 40 దగ్గర ఉంటాయి. కాలేయంలోని గడ్డకు ఇంత అనుకూలమైన నేపథ్యం దొరకదు. అందుకే ఊపిరితిత్తుల విషయంలో రేడియేషన్ బాగా తగ్గించి, చిత్రం కాస్త గరుకుగా వచ్చినా మచ్చ నిలబడుతుంది. అయితే సీటీ కూడా కలుపుతుంది, స్లైస్ మందం మేరకు. 5 మిల్లీమీటర్ల స్లైస్‌లో 3 మిల్లీమీటర్ల మందాన మచ్చ, మిగతా 2 మిల్లీమీటర్లలో గాలి నిండిన కణజాలం ఉన్నాయనుకోండి. సగటు మైనస్ 316 వస్తుంది. గట్టి మచ్చ చెంబెడు నీళ్ళలో పోసిన చెంచాడు పాలలా పలచబడింది. అదే స్కాన్‌ను 1 మిల్లీమీటరు స్లైసులుగా కంప్యూటర్ మళ్ళీ కట్టి ఇస్తే, మచ్చ నడిమధ్యలో అసలు విలువ 40 బయటపడుతుంది. రోగి మారలేదు, యంత్రం మారలేదు, సగటు తీసిన మందం మారింది. ఇంతటి తేడా ఇంత చిన్న విషయంలో ఉండటం నాకెప్పుడూ అబ్బురమే.

ఈ సంగతి పట్టించుకోని తీర్మానాలు చాలాకాలం చెలామణి అయ్యాయి. 1971లో మొదలైన మేయో అధ్యయనంలో పొగతాగే మగవారికి 4 నెలలకోసారి ఎక్స్‌రే, కఫం పరీక్ష చేశారు. క్యాన్సర్లు ఎక్కువ దొరికాయి గాని మరణాలు తగ్గలేదు. దాంతో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందే వెతకడం దండగని చాలామంది తేల్చేశారు. తప్పు వెతకడంలో కాదు, ప్రధానంగా వెతికిన సాధనంలో ఉందని నా వాదన. 1999లో హెన్ష్కె బృందం 1000 మందిని పరీక్షిస్తే సీటీలో 27 క్యాన్సర్లు దొరికాయి, ఎక్స్‌రేలో 7. 2011లో, 53 వేల మందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనంలో, ఎక్స్‌రే బృందంతో పోలిస్తే సీటీ బృందంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. పెట్ స్కాన్ ఇంకా గొప్పదనుకునేవారు ఒకటి గమనించాలి. అది నిమిషాల తరబడి ఊపిరి తీస్తుండగా తీసే చిత్రం, చిన్న మచ్చ అందులో చెదిరిపోతుంది. 8 మిల్లీమీటర్లలోపు దాన్ని నమ్మలేం. పైగా టీబీ గడ్డలు కూడా గ్లూకోజ్‌ను పీల్చి వెలుగుతాయి, మన దేశంలో ఇది చిన్న చిక్కు కాదు. ఎమ్మారైకి గాలీ కణజాలం కలిసే అంచులే శత్రువులు. మామూలు పద్ధతుల్లో సంకేతం అందుకునేలోపే చాలావరకు చచ్చిపోతుంది.

ఇన్ని మచ్చలు చూపించి జనాన్ని బెదరగొట్టడమే కదా అన్న ఆక్షేపణ బలమైనదే. ఆ అమెరికా అధ్యయనంలో అనుమానించిన ఫలితాల్లో 96 శాతం క్యాన్సర్ కాదు. కాని ఆ లోపం చూడటంలో లేదు, 4 మిల్లీమీటర్లు దాటిన ప్రతి మచ్చనూ ఒక్క చూపుతో అనుమానితం అనడంలో ఉంది. 2020లో ఫలితాలు వెలువడిన నెల్సన్ అధ్యయనం వ్యాసానికి బదులు ఘనపరిమాణాన్ని కొలిచి, సందేహమున్న మచ్చలను 3 నెలల తర్వాత మళ్ళీ చూసింది. 5 మిల్లీమీటర్ల మచ్చ 6.3 అయితే స్కేలుకు స్వల్పమే, ఘనపరిమాణం మాత్రం రెట్టింపు. ఆ పద్ధతిలో తదుపరి పరీక్షలకు పంపాల్సినవారు దాదాపు 2 శాతానికి తగ్గారు, మగవారిలో పదేళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 24 శాతం తగ్గాయి. ఈ కొలతకు పలుచటి స్లైసులు తప్పనిసరి. మొదటి స్కాన్ 5 మిల్లీమీటర్లలో, రెండోది 1 మిల్లీమీటరులో ఉంటే పెరిగింది మచ్చా, మన చూపా అన్నది ఎవరూ చెప్పలేరు. రిపోర్టులో స్లైస్ మందం రాయకుండా, ఫిల్ములు చేతికిచ్చి పలుచటి స్లైసుల డేటా ఇవ్వకుండా పంపేసే అలవాటు ఇకనైనా పోవాలి. స్కాన్ తీయించుకున్నవారు ఆ డేటాను సీడీలో అడిగి తీసుకుని, మరుసటి స్కాన్‌కు వెంట పట్టుకెళ్ళాలి.